కావలెను: సంతకం పెట్టే చేయి

ప్రైవేటు డెంటల్ కాలేజీల చైర్మన్లకు పెద్ద కష్టమే వచ్చిపడింది. అధ్యాపకులు దొరకడం లేదట, దొరికినా నిలవడం లేదట. ఈ మాట వాళ్లు ఏసీ గదిలో కూర్చుని, మూడు నెలల జీతం బాకీ ఉన్న రీడర్‌ గారిని గుమ్మం బయట ఉంచి మరీ చెబుతున్నారు. నిలవడం లేదనడం మాత్రం అన్యాయం. పాపం, పొద్దుటి నుంచీ ఆయన నిలబడే ఉన్నాడు.

దేశంలో డెంటల్ కాలేజీలు మూడొందలు దాటాయి. మన రెండు రాష్ట్రాల్లో సర్కారువి హైదరాబాద్, విజయవాడ, కడప అంటూ వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. మిగతావి విద్యాదానం కోసం వెలిసిన ట్రస్టులవీ సొసైటీలవీ. ఐదేళ్ల బీడీఎస్, మూడేళ్ల ఎండీఎస్, వెరసి ఎనిమిదేళ్లు చదివిన పిల్లలు ఏటా బయటికొచ్చి బయోడేటాలు పట్టుకు తిరుగుతూనే ఉన్నారు. అయినా కొరతే! ఎందుకుండదు? పాఠం చెప్పే నోళ్లు బోలెడున్నాయి. కాలేజీ వెతుకుతున్నది తనిఖీకి చూపించే డిక్లరేషన్ ఫారం మీద సంతకం పెట్టి, వెంటనే ఊరెళ్లిపోయే చేతుల కోసం.

అలాంటి చోట ఇంటర్వ్యూ చాలా సులువు. పాన్ కార్డు ఉందా? ఒరిజినల్స్ తెచ్చారా? ఇంకో కాలేజీ రికార్డుల్లో మీ పేరు లేదు కదా? అంతే. రూట్ కెనాల్ చేయడం వచ్చా అని ఎవరైనా నోరుజారి అడిగితే అభ్యర్థే ఉలిక్కిపడతాడు.

జీతం సంగతి మరీ ముచ్చట. రోజూ వచ్చి పనిచేసేవాడికి బాకీ. ఏడాదికోసారి వచ్చేవాడికి మాత్రం ఒకటో తారీఖున ఠంచనుగా బ్యాంకులో పడుతుంది. రేపు స్టేట్‌మెంటూ ఫారం-16 చూపించాలి కదా. పడిన దాంట్లో సింహభాగం నోట్ల కట్టగా అకౌంట్స్ సెక్షన్‌కి తిరిగి చేరాలి. పన్ను మాత్రం మొత్తం మీద ఆయనే కట్టుకోవాలి.

ఇన్‌స్పెక్షన్ రోజు చూడాలి వైభవం! ఊళ్ల నుంచి బస్సుల్లో తెచ్చిన పేషెంట్లు, ఊళ్ల నుంచి బస్సుల్లో దిగిన ప్రొఫెసర్లు. బిర్యానీ పొట్లం ఇద్దరికీ ఒకటే, ప్రొఫెసర్‌కి అదనంగా తెల్లకోటు. ఆ కోటు పొరపాటున పేషెంటుకి తొడిగితే ఏమవుతుందని నాకో చిలిపి అనుమానం. ఏమీ కాదు. వచ్చినాయన తలలు లెక్కపెట్టుకుని వెళ్లిపోతాడు.

తలలంటే గుర్తొచ్చింది. బీడీఎస్ పిల్లలు మనిషి నోట్లో చెయ్యి పెట్టే ముందు ల్యాబ్‌లో ‘ఫాంటమ్ హెడ్’ అనే బొమ్మ తల మీద డ్రిల్లింగ్ నేర్చుకుంటారు. అది సెలవడగదు, పీఎఫ్ అడగదు, ఇంక్రిమెంట్ మాటెత్తదు. దాని గుణగణాలకు మురిసిపోయే కాబోలు, యాజమాన్యాలు డిపార్ట్‌మెంట్ హెడ్‌లను కూడా అదే నమూనాలో ఏర్పాటు చేసుకున్నాయి.

ఇక నిలుపుకోవడం. మనిషి నిలవకపోతేనేం, పదో తరగతి మెమో నుంచి ఎండీఎస్ పట్టా దాకా ఆయన ఒరిజినల్స్ చైర్మన్ గారి బీరువాలో నిలుస్తాయి. రీడర్ ప్రొఫెసర్ కావాలంటే అనుభవం లెక్క చూపాలి, ఆ సర్టిఫికెట్ రాసిచ్చే కలం యాజమాన్యం జేబులోనే ఉంటుంది. ఆర్థోడాంటిస్టుకి, ఎండోడాంటిస్టుకి సాయంత్రం తిరగడానికి నాలుగు క్లినిక్కులైనా ఉంటాయి. ఓరల్ పాథాలజీ, పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ వాళ్లకు బయట ప్రాక్టీసు దాదాపు లేదు, కాలేజీనే నమ్ముకోవాలి. నమ్ముకున్నవాళ్లకి బాకీ పెట్టడం తేలిక. కౌన్సెలింగ్ రోజులొస్తే వాళ్లకే మైక్రోస్కోపు పక్కన పెట్టించి, బీ కేటగిరీ సీట్లకు ఇద్దరు పిల్లల్ని పట్టుకురమ్మని టార్గెట్ ఇవ్వడం ఇంకా తేలిక.

ఇక చట్టం సంగతి. 1948 నాటి డెంటిస్టుల చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. చైర్మన్లు కంగారు పడలేదు, కొత్త లెటర్‌హెడ్‌లకు ఎంతవుతుందో కనుక్కున్నారు. విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పేరు 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌కి, 2024లో మళ్లీ ఎన్టీఆర్‌కి మారినప్పుడూ వాళ్లకు పడిన శ్రమ అంతే. 2025లో వైద్య కళాశాలల తనిఖీల లంచాలపై సీబీఐ కేసు పెడితే, అది ఎంబీబీఎస్ వాళ్ల గొడవని పళ్లికిలించారు.

అలా ఇకిలిస్తుండగానే ఒక చైర్మన్ గారికి దవడ పన్ను సలిపిందనుకుందాం. సొంత కాలేజీకి వెళ్లేంత అమాయకుడు కాదు గనక బంజారాహిల్స్‌లో ఓ క్లినిక్‌కి వెళ్లాడు. నోరు తెరిపించి, మత్తు సూది వేసి, డాక్టర్ గారు మాస్కు దించి నమస్కారం పెట్టాడు.

“గుర్తుపట్టలేదా సార్? ఆరేళ్లుగా మీ దగ్గర హెచ్‌ఓడీని. ఈ నెల మీకు తిరిగివ్వాల్సిన జీతం, ఈ రూట్ కెనాల్ బిల్లు చెల్లుకు చెల్లు వేసుకుందామా?”