నాపరాయి లోపలి బొమ్మను నేను

నేను కాల్సైట్ నమూనాను. నా ఒళ్లంతా అంకెలే. ఏ కాల్షియం ఎక్కడుండాలి, ఏ కార్బన్‌కు ఎంత దూరంలో ఏ ఆక్సిజన్ ఉండాలి అని రాసిపెట్టిన చిన్న ఫైలును. జేమోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ నన్ను తెరిస్తే తెరమీద గుండ్లుగా, పుల్లలుగా లేచి నిలబడతాను. నా కాపురం ఆళ్లగడ్డలో ఒక బడి కంప్యూటర్‌లో. నన్ను చూసే పిల్లలు కూర్చునేది నాపరాళ్ల బండల మీద. ఆ రాళ్లలో ప్రధానంగా ఉన్నదీ నేనే. బేతంచెర్ల గనుల నుంచి నంద్యాల ఇళ్ల అరుగుల దాకా పరుచుకున్నదీ నేనే.

నా అంకెలకు మూలం 1914 నాటి పని. విలియం లారెన్స్ బ్రాగ్ కాల్సైట్ స్ఫటికం మీదికి ఎక్స్ కిరణాలు పంపి, అవి ఏ కోణాల్లో తిరిగొస్తున్నాయో చూసి, లోపలి అమరిక పట్టుకున్నాడు. మరుసటేడే తండ్రితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నాడు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఆయన చూపిన అమరికే నేటికీ నా రూపం: కార్బన్ చుట్టూ ముక్కోణంగా మూడు ఆక్సిజన్లు, ఒక్కో కాల్షియం చుట్టూ ఆరు ఆక్సిజన్లు. కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ దూరం సుమారు 0.128 నానోమీటర్లు. నా ఆక్సిజన్లకు ఎరుపు వేసే అలవాటు ఇంకా పాతది. 1865లో లండన్ ఉపన్యాసంలో రసాయన శాస్త్రవేత్త హాఫ్‌మన్ క్రోకే ఆట బంతులతో అణువులు కట్టి చూపినప్పుడు ఆక్సిజన్‌కు ఎర్ర బంతి, కార్బన్‌కు నల్ల బంతి వాడాడు. నిజానికి పరమాణువుకు రంగంటూ లేదు.

చాలాకాలం మా నమూనాల జాతికి కదలిక లేదు. 1960లలో అమెరికాలోని ఎంఐటీలో సైరస్ లెవింథాల్ బృందం ప్రోటీన్ బొమ్మలను కంప్యూటర్ తెరమీద తిప్పి చూపింది. 1990లలో రోజర్ సేల్ రాసిన రాస్‌మోల్ ప్రోగ్రామ్‌తో ఆ వసతి మామూలు కంప్యూటర్లకూ వచ్చింది.

నాకు కదలిక ఎందుకంత అవసరమో బెలుం గుహల పాఠం రోజు తెలిసింది. కొలిమిగుండ్ల మండలంలోని ఆ గుహల పొడవు 3,229 మీటర్లు. అంత రాయిని నీళ్లు ఎట్లా తిన్నాయి? పాఠ్యపుస్తకంలో ఒక సమీకరణం, నడుమ ఒక బాణం గుర్తు. జరిగిందంతా ఆ బాణం కిందే దాగిపోయింది. ఒక పిల్ల లేచి, "రాయి చక్కెర మాదిరి కరుగుతాదా సార్?" అని అడిగింది. సారు జవాబు చెప్పకుండా నన్ను ఆడించారు.

ఒట్టి నీళ్లకు నేను దాదాపు లొంగను. వాన నీరు మట్టిలోకి దిగి, వేర్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటే కార్బానిక్ ఆమ్లం అవుతుంది. దాని నుంచి విడిపోయిన హైడ్రోజన్ అయాన్ నా అంచున ఉన్న కార్బొనేట్‌కు అతుక్కుంటుంది. అది బైకార్బొనేట్‌గా మారి వెళ్లిపోతుంది. పట్టు సడలిన కాల్షియాన్ని నీటి అణువులు తమ ఆక్సిజన్ వైపు దానికేసి తిప్పి, చుట్టుముట్టి తీసుకెళ్తాయి. ఒక వరుస ఖాళీ అయితే మరో వరుస. సారు బొమ్మను వెనక్కి నడిపారు. గుహ గాలిలోకి కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయింది, కాల్షియం తిరిగి నా దగ్గరికొచ్చింది. గుహ కప్పు నుంచి వేలాడే రాతి ఊడలు పుట్టేది ఇట్లాగే. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేదీ ఇందువల్లే అని ఆ పిల్ల తనంతట తానే చెప్పింది. నా బతుక్కి అంతకన్నా ఏం కావాలి!

అయితే నాలో కనబడేదంతా కొలిచి రాసింది కాదు. నా స్ఫటికంలోని దూరాలు కొలిచినవి. ఒక దృశ్యానికీ మరో దృశ్యానికీ నడుమ దారిని మాత్రం కంప్యూటర్ పూరిస్తుంది. కాల్షియానికీ ఆక్సిజన్‌కూ మధ్య గీసిన పుల్ల కంటికి ఆసరా కోసమే. అక్కడున్నది విద్యుదాకర్షణ, విరగడానికి పుల్ల లేదు. నా కార్బొనేట్ సెకనుకు సుమారు 30 లక్షల కోట్ల సార్లు కంపిస్తుంది. తెరమీద అది నెమ్మదిగా ఊగుతుంది. నెమ్మదిస్తే తప్ప కన్ను పట్టుకోలేదు.

అయ్యవార్లారా, నన్ను ఆడించేటప్పుడు ఏది కొలత, ఏది ఊహ అన్నది పిల్లలకు విడమరిచి చెప్పండి. ఆపైన వాళ్లను బెలుంకు తీసుకెళ్లి ఆ గోడలు తాకనివ్వండి.