ఈశాన్యం పెరిగిన గ్రీటింగు

సంక్రాంతి గ్రీటింగులు ఇంట్లోనే అచ్చేసుకుందామని తిరుపతిలోనో, చిత్తూరులోనో ప్రింటరు ముందు కూర్చున్నారా? ముందు ఒక సంగతి తేల్చుకోండి. కార్డు తిన్నగా రావడం మనకు అక్కర్లేదు. తిన్నగా వచ్చిందంటే మేనత్త చూస్తుంది. ‘మావాడి పుట్టినరోజుకు ఒక వంద కార్డులు వేసిపెట్టు నాయనా’ అంటుంది. ఒక్కసారి వంకరగా వస్తే మళ్లీ ఎవరూ మన గడప తొక్కరు. ఇంకూ అట్టా ఒక ఆదివారమూ ఖర్చయిపోతాయి కాబట్టి కష్టపడ్డామన్న పేరూ దక్కుతుంది. కింద చెప్పినట్టు చేయండి.

1. కొలతల జోలికి పోవద్దు. మన అంగళ్లలో అమ్మేది ఏ4 కాగితం, 210 బై 297 మిల్లీమీటర్లు. కంప్యూటర్‌లో చాలాసార్లు అమెరికావాళ్ల లెటర్ సైజు కూర్చుని ఉంటుంది, 216 బై 279. కూర్చున్నవాళ్లను లేపడం మర్యాద కాదు. ఏ4ను సగానికి మడిస్తే మడత 148.5 దగ్గర పడుతుంది, లెటర్ లెక్కలో 139.7 దగ్గర. ఆ తొమ్మిది మిల్లీమీటర్ల సందులో ‘సంక్రాంతి’లోని మొదటి అక్షరం వెనకవైపు అట్టకు జారిపోతుంది. ముందువైపు ‘క్రాంతి శుభాకాంక్షలు’ మిగులుతుంది. మీకు తెలిసినవాళ్లలో క్రాంతి అనే పిల్లోడు ఉంటే మొదటి కార్డు వాడికే ఇచ్చేయండి.

2. ‘ఫిట్ టు పేజ్’ కనిపిస్తే నొక్కండి. ముందువైపుకు నొక్కి వెనకవైపుకు మర్చిపోతే ఇంకా మేలు.

3. అక్షరాలను మధ్యకు తేవడానికి సెంటర్ బటన్ ఉందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. స్పేస్‌బార్ అంత పొడుగ్గా పెట్టింది ఎందుకు? కంటికి మధ్యలో ఉన్నట్టు కనిపించేదాకా కొట్టండి. తర్వాత ఫాంటు మార్చి మళ్లీ మొదటినుంచి కొట్టండి. అను ఫాంట్లలో టైపు చేసి, పీడీఎఫ్ చేయకుండా, ఆ ఫాంట్లు లేని బావమరిది ల్యాప్‌టాప్‌కు పంపితే తెలుగు మొత్తం మాయమై ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ గుట్టపడతాయి. ఏ భాషో తెలియనప్పుడు వంకరేంది, తిన్నన ఏంది!

4. బొమ్మ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కనుమ నాడు చంద్రగిరి పక్కన ఎ.రంగంపేటలో పశువుల పండగ చేస్తారు కదా. ఎడ్ల కొమ్ములకు పలకలు కట్టి వదులుతారు, వాటిని లాక్కోవడానికి కుర్రాళ్లు ఎగబడతారు. ఆ ఫొటో ఒకటి తీసుకుని, కొమ్ములు సరిగ్గా కాగితం అంచును తాకేలా పెంచండి. ఇంటి ప్రింటర్లు మామూలుగా చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల జాగా ముట్టుకోకుండా వదిలేస్తాయి. కొమ్ములు పోతాయి, వాటితోపాటు పలకలూ పోతాయి. అంతమంది కుర్రాళ్లు దెబ్బలు తింటూ లాగే పలకను మీ ప్రింటరు కూర్చున్నచోటి నుంచే లాగేసింది, గర్వపడండి. ‘బార్డర్‌లెస్’ పెట్టి చూస్తారా, పెట్టండి. అది బొమ్మను కాస్త పెద్దది చేసి అంచుల బయటికి తోస్తుంది కాబట్టి ఈసారి చెవులు కూడా పోతాయి. ఇక బొమ్మ చుట్టూ, అంచుకు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా, సన్నటి ఎర్ర గీత కొట్టడం మరవద్దు. గీత లేకపోతే ఒకటి రెండు మిల్లీమీటర్ల వంకరను ఎవరూ కనిపెట్టరు, మన శ్రమంతా నీళ్లపాలు.

5. ట్రేలో కాగితాన్ని రెండువైపులా పట్టుకునే గైడ్లను దూరంగా జరపండి, కాగితానికి గాలి ఆడాలి. అట్ట 300 జీఎస్‌ఎంకు తక్కువ కొనొద్దు. వెనక నుంచి నేరుగా పెట్టే దారి ఉన్నా కింది ట్రేలోనే కుక్కండి. లోపల మలుపు దగ్గర అది తిరుమల ఘాట్‌రోడ్డులో అడ్డం తిరిగిన లారీలాగా నిలిచిపోతుంది. అప్పుడు మూత తెరవకుండా, ఒక మూల పట్టుకుని గట్టిగా లాగండి.

6. రెండోవైపు. అడ్డంగా వేసిన పేజీని పక్కకు మడిచే కార్డుకు పొట్టి అంచు మీద తిప్పమని ఆప్షన్ ఇవ్వాలట. మీరు పొడుగు అంచు ఇవ్వండి. లోపలి శుభాకాంక్షలు తలకిందులుగా వస్తాయి. ఎవరైనా అడిగితే, ఎదురుగా కూర్చున్నవాళ్లు కూడా చదువుకోవాలని వేశామనండి. పల్చటి కాగితం మీద ఒకటి వేసి, లైటుకు ఎదురుగా పట్టి, రెండువైపులా కలిశాయో లేదో చూసుకోమని కొందరు పిరికివాళ్లు చెబుతారు. అట్లా చూస్తే తప్పు తెలిసిపోతుంది. తెలిసిపోయాక వంద కార్డులు ఒకేసారి వేసే ధైర్యం ఎక్కడినుంచి వస్తుంది?

7. కాగితం ఒరిగి వస్తే హెడ్ క్లీనింగ్ నొక్కండి. ఒరగడానికీ దానికీ ఏ సంబంధమూ లేదు, అయినా ప్రింటరు ఏదో గట్టి పని చేస్తున్నట్టు చప్పుడు చేస్తుంది, ఇంట్లోవాళ్లకు నమ్మకం కుదురుతుంది. మళ్లీ నొక్కండి. ప్రతిసారీ కొంత ఇంకు లోపలున్న స్పాంజిలాంటి ప్యాడ్‌లోకి పోతుంది. ప్యాడ్ నిండితే ప్రింటరు ఇక నావల్ల కాదని మొరాయిస్తుంది. ఆదివారం సాయంత్రానికి ఆ స్థితికి చేరుకున్నారంటే మీకు చెయ్యి తిరిగినట్టే.

8. వంకలు ముందే సిద్ధం చేసుకోండి. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు మనవైపు ముసురు పట్టిస్తాయి, తేమకు కాగితం నిజంగానే చుట్టుకుపోతుంది. కాబట్టి తుపానును వాడుకోండి. ఎండ కాసే రోజయితే కరెంటును వాడుకోండి. ఈ రెండూ పాతబడ్డాయనుకుంటే నా మటుకు నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది: వాస్తు. బొమ్మ కుడివైపు పైమూలకు ఎగబాకిందా? ఈశాన్యం పెరిగిందనండి. ఈశాన్యం పెరిగిన స్థలానికే సెంటుకు ఎక్కువ అడుగుతున్నారు, కార్డుకు తప్పు పడతారా! నైరుతి పెరిగితే మాత్రం తలకిందులు చేసి ఇవ్వండి.

ఇదే పద్ధతిలో పెళ్లి శుభలేఖ వేసినవాళ్లకు అదనంగా ఒక సౌకర్యం ఉంది. తొలి శుభలేఖ కొండమీది శ్రీవారికి పంపడం ఆనవాయితీ. దేవస్థానం నుంచి అక్షింతలూ కుంకుమా వస్తాయి. వంకర గురించి ఒక్క ముక్క రాదు. స్వామికే అభ్యంతరం లేదు, మీకేందబ్బా అని చుట్టాల నోరు మూయించవచ్చు.

9. కత్తెర. ఎడమవైపు ఎక్కువుంటే ఎడమ కత్తిరించండి. అప్పుడు కుడి ఎక్కువ కనిపిస్తుంది, అదీ కత్తిరించండి. పైన, కింద. స్కేలు అడ్డం పెట్టుకుంటే చెయ్యి స్వేచ్ఛగా ఆడదు. కార్డు బస్సు టికెట్టంత అయ్యాక ఆపండి. కవర్లో రెండేసి పడతాయి.

10. మడతకు ముందు, ఇంకు అయిపోయిన రీఫిల్‌తో స్కేలు వెంబడి ఒక గాడి గీస్తే అట్ట చిట్లదు. చిట్లనివ్వండి. చేత్తో చేసినట్టు ఉంటుంది.

11. భోగి ముందురోజు రాత్రి ఏదో ఒక డీటీపీ అంగడికి వెళ్లి, వాళ్లు షట్టరు సగం దించాక, వంద కార్డులు అర్జెంటని చెప్పి వేయించుకోండి. డబ్బు రెట్టింపు అవుతుంది, కార్డులు మాత్రం తిన్నగా వస్తాయి. కంగారు పడకండి. అవి ఎవరికీ ఇవ్వొద్దు, బీరువాలో పెట్టేయండి. ఇంట్లో వేసిన వంకర కార్డునే బల్ల మీద పెట్టి, అది ఎంత ఒరిగిందో ఫోనునూ అంతే ఒరిగించి ఫొటో తీయండి. కార్డు నిటారుగా నిలబడుతుంది. వాట్సాప్‌లో అందరికీ పంపండి. బల్ల ఎందుకు ఒరిగిందని మేనత్త అడిగితే, అది మామ కొన్న బల్ల అని చెప్పండి.