అందంగా ఉంటే నమ్మకండి

ఇంకా మార్కెట్లోకి రాని ఫోన్ ఫొటోలు లీకైనప్పుడు అందరూ చెప్పే సలహా ఒకటే: తొందరపడకండి, విడుదలయ్యేదాకా ఆగండి. ఆగకండి అంటాను నేను. విడుదల రోజున కంపెనీ ఏ వైపు చూపిస్తే ఆ వైపే చూస్తాం. ఫోన్ ఆకారాన్ని మన కళ్లతో మనం చదువుకోవడానికి దొరికేది లీకుకీ లాంచ్‌కీ మధ్య ఉన్న ఆ కాస్త వ్యవధే.

ఎలా చదవాలంటారా? చూడగానే మీకు ఏది నచ్చలేదో అదే నిజమనుకోండి.

2010 ఏప్రిల్‌లో ఐఫోన్ 4 నమూనా ఫొటోలు బయటికొచ్చాయి. ఆపిల్ ఇంజినీరు ఒకరు కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో ఓ బార్‌లో మరిచిపోయిన ఫోన్ అది. చూసినవాళ్లు పాత ఐఫోన్ 3జీఎస్ అనుకోవాలని దానికి కవర్ కూడా తొడిగారు. గిజ్మోడో అనే టెక్ వెబ్‌సైట్ 5,000 డాలర్లిచ్చి దాన్ని సంపాదించి, విప్పి మరీ చూపించింది. చుట్టూ స్టీలు పట్టీ, ఆ పట్టీ మీద అడ్డంగా సన్నని నల్లగీతలు. ఆపిల్ ఇలా అతుకులు కనబడనిస్తుందా అని పెదవి విరిచినవాళ్లున్నారు. జూన్ 7న స్టీవ్ జాబ్స్ వేదిక మీద ఆ గీతల సంగతే విడమరిచి చెప్పారు. ఆ పట్టీయే యాంటెన్నా. దాన్ని వేర్వేరు భాగాలుగా విడగొట్టేవి ఆ గీతలు. జనం వంక పెట్టిన చోటే అసలు ఇంజినీరింగ్ ఉంది.

నకిలీ బొమ్మ గీసేవాడికి సిగ్నల్‌తో పనిలేదు. లెన్సుకి ఎంత లోతు కావాలో, సెన్సర్లు ఎక్కడ పట్టాలో వాడు ఆలోచించక్కర్లేదు. అందుకే ముచ్చటైన ఫోన్ గీసేస్తాడు. నిజం ఫోన్‌లో ఇవన్నీ ఇమిడి తీరాలి. ఇమడనిది ఎక్కడో ఒకచోట గాటుగానో బొడిపెగానో బయటపడుతుంది.

2017లో ఆపిల్ స్పీకర్ హోమ్‌పాడ్ సాఫ్ట్‌వేర్‌లోంచి బయటపడ్డ ఫోన్ బొమ్మలో తెర నెత్తిన నాచ్ అనే గాటు కనిపించింది. ఆ సెప్టెంబరులో ఆపిల్ ఆవిష్కరించిన ఐఫోన్ ఎక్స్‌కి ఆ నాచే ఉంది. ముఖాన్ని గుర్తుపట్టే పరికరాలన్నీ అందులోనే కూర్చున్నాయి. 2019 ఆరంభంలో చతురస్రపు గడిలో మూడు కెమెరాలున్న ఐఫోన్ లీకు బొమ్మను చూసి నవ్వినవాళ్లకు సెప్టెంబరులో ఐఫోన్ 11 ప్రో జవాబు చెప్పింది.

కవర్లు తయారుచేసేవాళ్లకు ముందే తెలుస్తుందన్న మాటనూ ఇదే కొలతతో చూడండి. 2011లో చైనా కవర్లలో ఓ కొత్త ఐఫోన్ కనిపించింది: పైన కాస్త మందం, కిందికొచ్చేసరికి సన్నం, చేతిలో ఇట్టే ఇమిడేలా. ఎంత బాగుందో! అక్టోబరు 4న ఆవిష్కరించిన ఐఫోన్ 4ఎస్ మాత్రం పాత ఐఫోన్ 4 ఆకారంలోనే ఉంది. ఆ కవర్లు దేనికీ సరిపోలేదు.

కంప్యూటర్‌లో గీసిన నిగనిగలాడే రెండర్లు కాసేపు పక్కన పెట్టండి. మసకగా, ఫ్యాక్టరీ బల్ల మీద తీసినట్టున్న ఫొటో దొరికితే పెద్దది చేసి అంచులు చూడండి. కింది అంచు ముఖ్యం. చార్జింగ్ రంధ్రం, స్పీకర్ చిల్లులు, మైకు అన్నీ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. అన్నీ సమానంగా, తీర్చిదిద్దినట్టు ఉంటే నాకు అనుమానమే. ఒకవైపు నాలుగు చిల్లులు, మరోవైపు మూడు ఉన్నాయా? లోపల ఏదో చోటు ఆక్రమించిందన్నమాట. నేనైతే ఆ ఫొటోనే నమ్ముతాను.

ఈసారి లీకు వచ్చినప్పుడు మీకు వికారంగా తోచినవన్నీ ఒక కాగితం మీద రాయండి. తేదీ వేసి స్నేహితులకు పంపండి. లాంచ్ అయ్యాక మాత్రం అందులో ఒక్క అక్షరం కూడా దిద్దకండి.