నిపుణుడు కావాలి

నిజామాబాద్ నుంచి ఏడు కిలోమీటర్లు పోతే మల్లారం అడవి. టేకు చెట్లు, మోదుగ చెట్లు, వాటి మధ్య మొరం బాటలు. ఒక గుండ్రటి పగోడా, ఒక వాచ్‌టవర్, 145 కోట్ల ఏళ్ల నాటిదని పర్యాటక శాఖ చెప్పే ఒక బండ. కొత్తగా మౌంటెయిన్ బైక్ ఎక్కినవాళ్లకు మా జిల్లాలో ఇంతకంటే మంచి చోటు లేదని నా గట్టి నమ్మకం. అడవిలో ఓ చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే రావచ్చు. ఎక్కేటప్పుడు గుండెలదరవు, దిగేటప్పుడు భయం వేయదు. లావు టైర్లలో గాలి కాస్త తగ్గించుకోవాలి. దిగుడులో సీటు మీంచి లేచి, రెండు పెడళ్లనూ ఒకే మట్టంలో ఉంచి నిలబడాలి. చూపు ముందు చక్రం మీద కాదు, పది గజాల అవతల బాట మీద ఉండాలి. ఆ మాత్రం వస్తే పదేళ్ల పిల్లవాడైనా, అరవై ఏళ్ల పెద్దాయనైనా హాయిగా తిరిగి రావచ్చు.

వానాకాలం వస్తేనే చిక్కు. నీళ్లు బాట వెంటే పారుతాయి. మొరం కొట్టుకుపోయి, నడిమధ్యన లోతైన గాడి పడుతుంది.

ఆ ఆదివారం మా బృందానికి పెద్ద దిక్కయిన బ్యాంకు మిత్రుడి చక్రం అలాంటి గాడిలోనే ఇరుక్కుంది. అందరం సైకిళ్లు దిగి చెట్టు కింద కూర్చున్నాం. ఆయన ఫోన్ తీసి వీడియో పెట్టాడు. దుబాయ్‌కి చెందిన హత్తా. హజర్ పర్వతాల్లో, చెట్టూ చేమా లేని రాతి కొండల మీద, సైకిళ్ల కోసమే వేసిన బాటలు. తేలికైనవాటికి ఆకుపచ్చ గుర్తు, ఆపైన నీలం, ఎరుపు, మహా కష్టమైనవాటికి నలుపు. మలుపు మలుపుకూ రాతికట్టు.

"అటవీ శాఖకు అర్జీ రాస్తున్నా" అన్నాడు. "ఒక్క చెట్టు కొట్టే పని లేదు. ఉన్న బాటనే బాగుచేయాలి. కానీ మనోళ్లకు ఈ పని రాదు. చందాలేసుకుని అయినా సరే, అక్కడినుంచి ఒక నిపుణుణ్ణి రప్పిద్దాం."

అందరం సరేనన్నాం. తలా ఎంత వేసుకోవాలో కూడా అప్పటికప్పుడే లెక్క తేలింది.

అంతలో మేకల వెంట ఒక మనిషి వచ్చాడు. నలభై అయిదేళ్లుంటాయి. భుజాన పార. "ఏమైంది సార్, బండ్లు దిగిండ్రు?" అన్నాడు. గాడి చూపించాం. కాసేపు పైకీ కిందికీ చూసి, నాలుగు రాళ్లు ఏరుకొచ్చాడు. బాటకు అడ్డంగా, కొంచెం ఏటవాలుగా, పైకి నాలుగు వేళ్లు మాత్రమే కనిపించేలా పాతాడు. పల్లం వైపు అంచును పారతో గీకి సన్నగా వాలు తీశాడు. నా సీసా అడిగి తీసుకుని ఎగువన నీళ్లు పోశాడు. నీళ్లు రాళ్ల దాకా వచ్చి, పక్కకు తిరిగి, ఆకుల్లోకి జారిపోయాయి.

"నీళ్లు బాటెంబడి నడువొద్దు సార్. బాటను దాటి పోవాలె. గంతే."

ప్రపంచంలో ఎక్కడైనా కొండబాట వేసేవాళ్లు మొట్టమొదట నేర్చుకునేది ఇదే. రాతి వరస, అంచు వాలు. మిగతాదంతా ఆ తర్వాతే.

"ఎక్కడ నేర్చుకున్నవన్నా?" అన్నాడు మిత్రుడు.

"మాది బోధన్ దిక్కు. చెరుకుకు నీళ్లు కట్టుకుంట పెరిగినోళ్లం. గిది అత్తగారూరు. మేకలు బామ్మర్దియి."

ఆ మాటకు నాకు ఆశ్చర్యం కలగలేదు. 1931 నాటికి నిజాంసాగర్ కట్ట పూర్తయింది. 1937లో బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదని పేరు పడ్డ ఆ ఫ్యాక్టరీ కోసం మూడు తరాల రైతులు మంజీర నీళ్లను కాలువల్లోంచి బోదెల్లోకి, బోదెల్లోంచి చెరుకు మొదళ్లకు మళ్లించారు. మట్టి ఎటు వాలుందో వాళ్లకు అరికాలే చెబుతుంది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. యంత్రాలకు తుప్పు పట్టిందని అందరం బాధపడ్డాం. ఆ అరికాళ్లు ఎటు పోయాయని ఎవరం వెతకలేదు.

మిత్రుడికి హుషారొచ్చింది. ఫోన్ అతని చేతిలో పెట్టి, "ఇదిగో అన్నా, మల్లారంలో ఇట్లాంటిది చేయించాలని మా ఆశ. దుబాయ్ నుంచే మనిషిని పిలిపిస్తున్నం. ఆయన వచ్చినంక నువ్వు సాయం చేద్దువు" అన్నాడు.

అతను వీడియో చూశాడు. ఒకచోట బొటనవేలు పెట్టి ఆపాడు. ఎర్ర కొండ అంచున మెలిక తిరిగిన మలుపు.

"గీ కట్ట రెండుసార్లు కూలింది సార్. అడుగుకు పెద్ద రాయి దొరుకలే. మూడోసారి నేను, ఆర్మూర్ పోరడొకడు కలిసి పేర్చినం. ఇగ కదల్లే."

కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. అందరికంటే ముందు మిత్రుడే తేరుకున్నాడు. "అన్నా, అర్జీల మీ పేరే రాస్త. కూలి ఎంతంటే అంత ఇస్తం. ఈ బాట మీరే చేయాలె" అన్నాడు.

అతను ఫోన్ తిరిగిచ్చి, పార భుజాన వేసుకున్నాడు.

"వచ్చి ఆర్నెల్లాయె సార్. పని కోసం బోధన్ తిరిగిన, నిజామాబాద్ తిరిగిన. నీకేం పని వస్తదని ఒక్కరు అడుగలే. మొన్ననే మల్ల వీసా వచ్చింది. గురువారం ఫ్లైట్."