హార్మోన్లకు సంబంధాలు చూడబడును

"మా సంస్థలో పుట్టి పెరిగిన హార్మోన్ మందు. పేటెంటు ఉంది. ఎలుకల మీద పరీక్షలు పాసైంది. మనుషుల మీద పరీక్షలకు ఖర్చు భరించి, నాలుగు దేశాల్లో అమ్ముకోగల కంపెనీల నుంచి సంబంధాలు ఆహ్వానిస్తున్నాం." హార్మోన్ పరిశోధన సంస్థలు వాణిజ్య భాగస్వాముల కోసం వేసే ప్రకటనల్లోంచి ఇంగ్లీషును ఒలిచేస్తే మిగిలేది ఇంతే. కులగోత్రాల పట్టింపు లేదు. డబ్బు మాత్రం మగపెళ్లివారే ఇచ్చుకోవాలి. కన్యాశుల్కం ఇంకా దర్జాగా నడుస్తున్న రంగం ఇదొక్కటే.

వెనకటి పిల్ల తండ్రులకు ఇంత తెలివి లేదు. 1923లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్, కోలిప్ అనే ముగ్గురు ఇన్సులిన్ పేటెంటును తలా ఒక డాలరు పుచ్చుకుని యూనివర్సిటీకి రాసిచ్చేశారు. యూనివర్సిటీ అప్పటికే ఈలై లిల్లీ కంపెనీని అల్లుడిగా ఖాయం చేసుకుంది. అల్లుడుగారు ఇవాళ ప్రపంచంలోని పెద్ద మందుల కంపెనీల్లో ఒకరు. మామలు ముగ్గురికీ కలిపి ముట్టింది మూడు డాలర్లు. ఇప్పటి మారకంలో మా నూజివీడు బజారులో డజను రసాలకు సరిపోతే గొప్పే.

తర్వాతివాళ్లలో జాన్ ఎంగ్ కథ నాకు ఇష్టం. న్యూయార్కు బ్రాంక్స్‌లో మాజీ సైనికుల ఆస్పత్రి ఉంది. రక్తంలో హార్మోన్లను కొలిచే పద్ధతిని కనిపెట్టిన రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్‌లు దానికి పేటెంటే వద్దనుకున్నది అక్కడే. యాలోకు 1977లో నోబెల్ వచ్చింది, పేటెంటు డబ్బు రాలేదు. అదే ఆస్పత్రిలో ఎంగ్ అనే డాక్టరు గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి విషంలో ఒక హార్మోన్ పట్టుకున్నాడు. ఏడాదికి కొద్దిసార్లు మాత్రమే తిని బతికే జీవి అది. ఆ హార్మోన్ షుగరును అదుపులో పెడుతుందన్నాడు. పేటెంటు తీసుకోవడానికి ఆస్పత్రిని నడిపే మాజీ సైనికుల శాఖ ఉత్సాహపడలేదు. సొంత డబ్బుతో తీసుకుని భాగస్వామి కోసం కంపెనీల గడపలు తొక్కాడు. బల్లి పిల్లను ఎవరు చేసుకుంటారు? చివరికి 1996లో ఒక సదస్సులో గోడకు అంటించిన పోస్టరు పక్కన నిలబడితే అమిలిన్ అనే చిన్న కంపెనీ వాళ్ల కంట్లో పడింది. 2005లో అది బైయెట్టా పేరుతో మందయింది. అప్పటికి అమిలిన్ పక్కన భాగస్వామిగా వచ్చి కూర్చున్నది ఎవరనుకున్నారు, మన పాత అల్లుడు లిల్లీయే. ఇవాళ సన్నబడటానికి జనం పొడిపించుకుంటున్న సెమాగ్లూటైడ్ ఆ బల్లి హార్మోన్‌కు దాయాది. దానికి మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి దాకానేనని లెక్కేసుకుని హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ లాంటి కంపెనీలు ముందే ముస్తాబయ్యాయి.

కుదిరిన సంబంధం చెడితే ఎట్లా ఉంటుందో చూడాలంటే మా ఊరి పేరే చాలు. 1973లో ఇక్కడ మండవ వెంకట్రామయ్య మొదలుపెట్టిన నూజివీడు సీడ్స్, మోన్‌శాంటో బీటీ పత్తి జన్యువుకు ఈ దేశంలో భాగస్వామి అయింది. రాయల్టీ దగ్గర మాటామాటా పెరిగి 2015లో విడాకులు. ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు అన్నీ తిరిగి, 2021లో రాజీ. అది హార్మోన్ కాదు, జన్యువు. కానీ పంచాయితీ మాత్రం ఒకటే.

ఇక అసలు సంగతి. ఆ హార్మోన్ పరిశోధన సంస్థలు పాపం ఇంకా ప్రకటనలు వేసుకుంటున్నాయి గానీ, మా నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి తోటల్లో హార్మోన్ వ్యాపారం ఎప్పుడో కుదురుకుంది. ఇక్కడ పరిశోధన సంస్థ మామిడి చెట్టే. జిబ్బరెల్లిన్, ఆక్సిన్, ఇథిలీన్ అన్నీ సొంతంగా తయారు చేసుకుంటుంది, గ్రాంటు అడగదు. వాణిజ్య భాగస్వామి గుత్తదారు. ఒప్పందం రెండు మూడేళ్లకు.

చెట్టుకొక చెడ్డ అలవాటుంది. ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు అలసట తీర్చుకుంటుంది. మూడేళ్ల గుత్త కట్టినవాడికి ఈ సెలవులు గిట్టుబాటు కావు. అందుకని వానలు పడి నేల తడిసి ఉండగానే కూలి మనిషి మొదలు చుట్టూ పాదు గీసి, బకెట్లో నీళ్లకు సీసాలోది కలిపి మగ్గుతో పోసుకుంటూ వెళ్లిపోతాడు. అది కల్తార్. పాక్లోబ్యూట్రజాల్ అనే అసలు పేరు పలకగలిగినవాడికి గుత్తలో రాయితీ ఇవ్వొచ్చు. బ్రిటన్‌లో ఐసీఐ కంపెనీ తెచ్చిన సరుకు. చెట్టులో జిబ్బరెల్లిన్ తయారీకి అడ్డం పడుతుంది. చిగురు వేయాల్సిన కొమ్మ ఎదుగుదల మానేసి పూతకు దిగుతుంది. కొమ్మల గుబురు వ్యాసంలో మీటరుకు సుమారు 3 మిల్లీలీటర్లన్నది శాస్త్రవేత్తల కొలత. తోటలో కొలత సీసా మూత. "ఎన్ని మూతలు పోశావురా?" అంటే, "చెట్టు పెద్దదండీ" అంటాడు. మితిమీరితే చిగుళ్లు కురచబడతాయి, ఆకులు గుత్తులు కడతాయి, పూత ముద్దగా వస్తుంది. మూడేళ్లు తిరిగేసరికి గుత్తదారు వేరే తోటలో ఉంటాడు. చెట్టు రైతు దగ్గర ఉంటుంది. సంతకం పెట్టేముందు చెట్టును ఎవరూ అడగలేదు.

కాయ దిగాక రెండో హార్మోన్ వంతు. 2022లో మమ్మల్ని కృష్ణా జిల్లా నుంచి ఏలూరులో కలిపారు గానీ కాయలకా సంగతి తెలియదు, ఇప్పటికీ విజయవాడ పక్కన నున్న మార్కెట్ దారే పడతాయి. వెనకటికి రసాలను వరిగడ్డిలో మాగేసేవారు. కాయ తన ఇథిలీన్‌ను తానే వదులుకుంటూ తీరిగ్గా పండేది. ఆ తీరిక వ్యాపారానికి పనికిరాదు. కాల్షియం కార్బైడ్ పొట్లాలు గంపల్లో దూరాయి. దాని నుంచి వచ్చే ఎసిటలీన్ ఇథిలీన్ వేషం వేసి కాయను మోసం చేస్తుంది. పైకి పసుపు, లోపల పులుపు. దానికి తోడు ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు. చట్టం వద్దన్నది. వద్దన్నాక పొట్లాలు ఇంకాస్త చిన్నవయ్యాయి. 2016లో ఆహార భద్రతా సంస్థ వారు గది కట్టి, గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించకుండా ఇథిలీన్ గ్యాసు వదులుకోవచ్చన్నారు. న్యాయమే, అది కాయ సొంత హార్మోనే కదా. ఆ 100 పాళ్లు ఎవరు కొలుస్తున్నారని అడగొద్దు. సీసా మూత సంగతి ముందే చెప్పాను.

రెండు హార్మోన్లు దాటొచ్చిన పండు మూడో హార్మోన్ కొనుక్కునే మనిషి చేతిలోకి వస్తుంది. బస్టాండు దగ్గర బండి. రిటైరైన మాస్టారొకాయన బంగినపల్లిని ముక్కు దగ్గర పెట్టుకుని అనుమానంగా చూస్తున్నారు.

"కార్బైడ్ కాయేనా అమ్మా?"

"అబ్బే, గ్యాసు బాబుగారూ. గవర్నమెంటు ఒప్పుకున్న గ్యాసే."

"ఏమోనమ్మా, నాకసలే షుగరు."

"మందు వాడతన్నారా?"

"పొద్దునా సాయంత్రం ఇన్సులిన్ పొడుచుకుంటున్నా."

"మరింకేమండీ, సంచీ పట్టండి, ఇంకో రెండు వేస్తా."