ఖాళీ ట్యాంకులో 20 శాతం

‘లైటు వెలగతా ఉండాది కదన్నా, ఇంకేం కావాల?’ సెన్సర్ల సంకేతాలను కంట్రోల్ రూము తెరకు చేర్చే రిమోట్ మాడ్యూలు బిగించడానికొచ్చిన ఇంజనీరు మహాశయుడి తుది తీర్పు ఇది. మామిడి సీజన్ మొదలయ్యేలోపు బంగారుపాళ్యం చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలకు ఇలాంటి తీర్పులు చాలా కావాలి. ఛానెళ్ల సెట్టింగు సంగతేమిటని అడిగారో, ‘కంపెనీవాళ్లు పెట్టి పంపిందే చాలు’ అని బిల్లు చేతిలో పెట్టి చిత్తూరు బస్సెక్కుతాడు.

ఆ ‘చాలు’ మహిమ చూడండి. ట్యాంకు మట్టం కొలిచే పరికరం ఖాళీకి 4 మిల్లీయాంపులు, నిండుకు 20 పంపుతుంది. మాడ్యూలు మాత్రం లెక్క 0 నుంచి మొదలనుకుంటుంది. ఇంకేం, ఖాళీ ట్యాంకులో ఎల్లకాలం 20 శాతం గుజ్జు! ధర్మరాజుకు సూర్యుడిచ్చిన అక్షయపాత్ర మనకు డీఫాల్టు సెట్టింగు ఇచ్చింది. మట్టం 10 శాతానికి పడితే ఆగమన్న పంపు ఇక ఆగదు, ఉత్తగా తిరిగి సీలు కాల్చుకుంటుంది. అసలు ఖాళీకి 4 పెట్టిందే, తీగ తెగి 0 వస్తే ఆ సంగతి తెలియాలని. ఆ తెలివిని కూడా మనవాళ్లు తుడిచేశారు.

గుజ్జు కాచేచోట పీటీ 100 సెన్సరుంటుంది. వేడి ఒక్క డిగ్రీ పెరిగితే దాని నిరోధం సుమారు 0.385 ఓము పెరుగుతుంది. దారి పొడవునా తీగలు కలిపే నిరోధాన్ని లెక్కలోంచి తీసేయడానికే మూడో తీగ. ‘రెండు చాల్లే’ అని దాన్ని మడిచి టేపు చుడితే, ఆ తీగల నిరోధం 2 ఓములున్నా తెర 5 డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. తెర 95 అంటుంది, గుజ్జు 90 కూడా చేరదు. సూక్ష్మజీవులకు తెర చదవడం రాదు.

డిజిటల్ ఛానెలుకు తెలిసింది ఉందా, లేదా, అంతే. అందులోనూ ఘనత చూపాలి కదా! ట్యాంకు పొంగితే అరవాల్సిన ఫ్లోట్ స్విచ్‌ను మామూలప్పుడు మూసి ఉండేలా కలిపితే, ఎలుక తీగ కొరికినా అలారం మోగుతుంది. మనవాళ్లు తెరిచి ఉండేలా కలుపుతారు. ఎలుక పని ముగించాక కంట్రోల్ రూములో శాశ్వత శాంతి.

గేటు బయట ట్రాక్టరు మీద పడిగాపులు కాసే రైతు ఇంత అమాయకుడు కాడు. 2025లో కిలో తోతాపురికి ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, వెరసి 12 రూపాయలన్నారు. చెప్పిన అంకె వేరు, చేతికొచ్చేది వేరు కావచ్చని ఆయనకు తెలుసు. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాడు. లోపల ఏసీ గదిలో చేయాల్సింది కూడా అదే. 4, 12, 20 మిల్లీయాంపులిచ్చి తెర మీద 0, 50, 100 వస్తున్నాయా అని చూడటం, ఒక్కో తీగా పీకి అలారం మోగుతుందా అని వినడం.

కాబట్టి యజమానులారా, చెక్కు రాయకముందే ఒక తీగ పీకండి. తెర కేక వేస్తే పూర్తి డబ్బివ్వండి. కిమ్మనకపోతే ఖాళీ జేబు తిరగేసి చూపించి, ‘మీ మాడ్యూలు లెక్కలో ఇది 20 శాతం, అడ్వాన్సుగా ఉంచుకోండి’ అనండి.