ధర్మవరం చేరేలోపు ఆడిటరు కావడం ఎలా?

హిందూపురంలో రైలెక్కి ఇది తెరవండి. పెనుకొండ దాటి ధర్మవరంలో దిగేసరికి మీరే ఆడిటరు.

1. చదువు వద్దు. సీఏ చదివితే జుట్టు నెరుస్తుంది. జీఎస్టీ ప్రాక్టీషనర్ పరీక్షకైనా నూటికి 50 రావాలి. బోర్డు రాసే పెయింటరు మార్కులు అడగడు. మన ఊళ్లలో కంప్యూటర్ ముందు కూర్చుని పాన్ కార్డు అడిగినవాడల్లా ఆడిటరే.

2. హిందూపురం చింతపండు వ్యాపారి వస్తే లాభమంతా వ్యవసాయాదాయం కింద రాసెయ్యండి, పన్నుండదు. చెట్లెక్కడని అడిగితే మడకశిర వైపు చెయ్యి చూపండి.

3. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ ఉద్యోగి ఫారం 16 తెస్తాడు. కొత్త పద్ధతిలో 12.75 లక్షల జీతం దాకా పన్ను లేదని నోరు జారకండి, ఇక మీతో పనేముంది? పాత పద్ధతిలోకి లాగి, సొంతింట్లో ఉన్నవాడికీ అద్దె రాయండి. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ కావాలి కనుక అత్తగారిది పెట్టండి. తనకు అద్దె ఆదాయం ఉందన్న శుభవార్త ఆమెకు నోటీసే చెబుతుంది.

4. ధర్మవరం పట్టుచీరల షాపు బిల్లులు పంపకపోతే జీఎస్టీ రిటర్న్‌లో నిల్ కొట్టండి. చీరల మూటలు ఈ-వే బిల్లుతో చెన్నై పోతూనే ఉంటాయి. రెండూ ఒకే పోర్టల్‌కు తెలుస్తాయన్న దిగులు ఇప్పుడెందుకు?

5. ఫీజు అడగకండి, రిఫండ్‌లో వాటా అడగండి. అబద్ధం ఎంత పెరిగితే మీకంత గిట్టుబాటు.

6. అందరి రిటర్నులకూ మీరు కొత్తగా తెరిచిన ఒకే ఈమెయిల్ ఇచ్చి, సీజనయ్యాక దాన్ని మర్చిపోండి. క్లయింటు నిద్ర చెడదు. 2025 జూలై 14న దేశంలో 150 చోట్ల ఆదాయపు పన్ను శాఖ తనిఖీలకు దిగినప్పుడు చెప్పింది ఇలాంటి ఈమెయిళ్ల గురించే. నోటీసులు వచ్చి పడి ఉన్నాయి, తెరిచినవాడు లేడు. తప్పుడు లెక్కకు జరిమానా ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా పడుతుంది. పాన్ క్లయింటుది, ఓటీపీ వాడిది, కాబట్టి జరిమానా కూడా వాడిదే.

7. మీ సొంత రిటర్న్ మాత్రం అసలైన సీఏకిచ్చి, ఉన్నదున్నట్టు రాయించుకోండి. అదీ ఇక్కడ కాదు, అనంతపురం వెళ్లి. క్లయింట్లెవరైనా చూస్తే పరువేం కాను?